జడలో మోసిన చీటీ

నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని చిన్నప్పటినుంచీ అందరూ అనేవారు. ఆ ముత్యాల్లాంటి రాతతోనే ఒక ముసలావిడని పిచ్చిదాన్ని చేశాను. డెబ్బైల చివర, డెట్రాయిట్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో నేను రెసిడెన్సీ చేస్తున్న రోజుల సంగతి ఇది. రెసిడెన్సీ అంటే చేతిలో డాక్టరు పట్టా ఉండి కూడా మళ్ళీ విద్యార్థిలా అందరిచేతా చీవాట్లు తినడం. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. చీర మీద తెల్లకోటు, నడుం దాటిన జడ, నాకు తెలియనిది లేదన్న నమ్మకం, ఇవీ నా ఆస్తిపాస్తులు.

ఆవిడకి డెబ్బై ఏడేళ్ళు. మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక మా వార్డుకి పంపారు. ఐర్లండ్‌లో పుట్టి, ఇరవై దాటాక అన్నతో కలిసి అమెరికా వచ్చి, నలభై ఏళ్ళు ఒక పెద్దింట్లో వంటమనిషిగా పనిచేసిందని కాగితాల్లో ఉంది. పెళ్ళి చేసుకోలేదు. అన్న పోయాడు. ఆయన కూతురొక్కతే ఇప్పుడు దిక్కు. ఐరిష్ వాళ్ళంటే నాకు అప్పటికి తెలిసిందల్లా మా కాన్వెంట్‌లో చెక్క స్కేలుతో వేళ్ళ మీద కొట్టి మరీ రాత దిద్దించిన ఒక మదర్. ఆ ముత్యాల రాత ఆవిడ చలవే.

మొదటిరోజు స్టెతస్కోప్ పెట్టి గుండె వినడానికి వంగాను. నా జడ ముందుకు జారి ముసలావిడ దుప్పటి మీద పడింది. ఆవిడ చటుక్కున దాన్ని పట్టుకుంది. తూకం చూస్తున్నట్టు అరచేతిలో ఎత్తింది. చివరినుంచి వేళ్ళతో నొక్కుతూ మెడదాకా వచ్చింది. సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడి ముఖంలో ఉండేంత శ్రద్ధ ఉంది ఆ ముఖంలో.

"మంచి జడ. ఇందులో మూడు చీటీలు పడతాయి," అంది.

"ఏం చీటీలండీ?"

"కబుర్లు. డబ్లిన్‌లో పంతొమ్మిది వందల పదహారులో, ఈస్టర్ మర్నాడు, మావాళ్ళు ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడి పోస్టాఫీసు పట్టుకున్నారు కదా. వీధులనిండా ఇంగ్లీషు సోల్జర్లు. మగవాడు కనిపిస్తే కాల్చేవారు. అందుకని ఆడపిల్లలం రొట్టెల బుట్టలు పట్టుకుని ఒక చోటినుంచి ఇంకో చోటికి తిరిగేవాళ్ళం. నాకు పద్నాలుగేళ్ళు. నా జడలో మోసేదాన్ని."

నేను జడ మెల్లగా విడిపించుకుని, "అలాగా, చాలా బాగుందండీ," అని చంటిపిల్లలతో మాట్లాడే గొంతుతో అన్నాను. బయటికొచ్చి చార్టులో రాశాను. పేషెంట్ ఉద్రేకంగా ఉంది, డాక్టరు జుట్టు పట్టుకుంది, పద్నాలుగేళ్ళప్పుడు యుద్ధంలో రహస్య పత్రాలు మోశానంటోంది, డెల్యూజనల్. అంటే మతిభ్రమ. కింద సంతకం, టైము. ఎంతో పని చేసినదానిలా కాఫీ తాగడానికి వెళ్ళాను.

ఎందుకు నమ్మలేదో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన తాలూకాఫీసులో ఉద్యోగి. స్వాతంత్ర్య సమరయోధులకి పింఛనూ తామ్రపత్రమూ ఇస్తామని ప్రభుత్వం అనగానే మా తాలూకాలో సమరయోధులు తొలకరికి పుట్టగొడుగుల్లా లేచారు. ఆ దరఖాస్తులు విచారించే పని నాన్న మెడకి చుట్టుకుంది. "స్వరాజ్యం రాకముందు జైలుకెళ్ళినవాళ్ళ కంటే వచ్చాక వెళ్ళినవాళ్ళే ఎక్కువున్నారే మన తాలూకాలో!" అని భోజనాల దగ్గర మమ్మల్ని నవ్వించేవారు. క్విట్ ఇండియా నాటికి ఉయ్యాల్లో ఉన్న ఒకాయన నుదుటి మీద మచ్చ చూపించి లాఠీ దెబ్బ అన్నాడట. తాటికాయ పడిందండీ అని పక్కనుంచి ఆయన తల్లే చెప్పేసిందట. ఈ కథలు విని విని, ముసలివాళ్ళు ఎవరైనా దేశంకోసం అని మొదలుపెడితే చాలు, నాకు నవ్వొచ్చేది. మా ఊరి అనుమానాన్ని మూటగట్టుకుని డెట్రాయిట్ దాకా మోసుకొచ్చానన్నమాట.

నాన్న విచారణకి ఒక పద్ధతుండేది. ఎవర్నీ నినాదాల గురించి, జెండాల గురించి అడిగేవారు కాదు. "జైల్లో నల్లులుండేవా? చొక్కా ఎన్నాళ్ళకి ఉతుక్కునేవారు?" అని అడిగేవారు. దొంగ సమరయోధులు భారతమాత గురించి గంటసేపు చెప్పేవారట. నిజంగా వెళ్ళొచ్చినవాళ్ళు నల్లుల మాట వినగానే, ఏమీ చెప్పకముందే మోచెయ్యి గోక్కునేవారట. ఆ కథల్లో నవ్వు మాత్రమే నేను తెచ్చుకున్నాను. ఆ ప్రశ్నని ఇంటి దగ్గరే వదిలేశాను.

చార్టులోకి ఒక మాట ఎక్కిందంటే ఇక దానికి కాళ్ళొస్తాయి. నా తర్వాత చూసినవాళ్ళంతా నా మాటనే తిరగరాశారు. మానసిక వైద్యుడొచ్చి రెండు నిమిషాలు మాట్లాడి మాత్రలు మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి ఆవిడ కళ్ళలో వెలుగు పోయింది. పెదాలు ఎండిపోయాయి, చేతులు వణకడం మొదలైంది. స్పూను నోటిదాకా వెళ్ళేలోపు సగం సూపు దుప్పటి మీదే. నేను రోజూ పొద్దున చూస్తూనే ఉన్నాను. ఇదంతా వయసుతో వచ్చేదే అనుకున్నాను.

అన్న కూతురికి యాభై ఏళ్ళుంటాయి. స్కూల్లో టీచరు. ఒకరోజు నన్ను కారిడార్‌లో ఆపింది. శుక్రవారం నిర్ణయం చెప్పాలట. మేనత్తని తీసుకెళ్ళి చర్చి పక్కన ఆవిడ చిన్నింట్లో దింపి, తను వస్తూ పోతూ చూసుకోవాలా, లేక తలుపులకి తాళాలుండే నర్సింగ్‌హోమ్‌లో చేర్పించాలా అని.

"అమ్మ పోయాక నన్ను పెంచింది మా అత్తే," అంది. "ఈ కథ మా అత్త నోట ఒక్కసారి కూడా వినలేదు. మా నాన్న నోటా వినలేదు. నిజమైతే చెప్పరా? ఇన్నాళ్ళకి ఎక్కడినుంచి ఊడిపడింది? మీరే రాశారటగా డాక్టర్, భ్రమ అని."

అవును నేనే రాశాను అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నర్సింగ్‌హోమ్ కాగితాలు అప్పటికే ఆవిడ చేతిసంచిలో ఉన్నాయి.

ఆ ఆదివారం డెట్రాయిట్ శివారు ట్రాయ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. నా రూమ్మేట్ వరంగల్ అమ్మాయి, పిల్లల డాక్టరు, గోంగూర డబ్బా కోసం ముప్పై మైళ్ళు డ్రైవ్ చేసే రకం. జడ వేసుకుంటుంటే ఎందుకో ముసలావిడ వేళ్ళు గుర్తొచ్చాయి. మూడు చీటీలు పడతాయంది కదా, చూద్దామనిపించింది. ప్రిస్క్రిప్షన్ పాడ్‌లోంచి ఒక కాగితం చింపి, మడిచి, జడపాయల మధ్య పెట్టి అల్లాను. వంటింట్లోంచి హాల్లోకి నడిచాను. పది అడుగులు వెయ్యకముందే కాగితం కార్పెట్ మీద పడింది.

రూమ్మేట్ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది. "ఏందే, జడల చీటీలు పెట్టుకుంటున్నవ్? లవ్ లెటరా? అడ్రస్ కూడా రాయలె!"

విషయం చెప్పాను. అది నవ్వు ఆపేసింది.

"షాంపూ పెట్టిన జుట్టు, జారక ఏంజేస్తది? ఆమెనే అడుగు, ఎట్ల ఆగేదో. అబద్ధమైతే అదే తెలుస్తది. చార్ట్‌లో రాసే ముందు అడగాల్నని నీకు తోచలేదా?"

తోచలేదు. నాన్న భోజనాల దగ్గర చెప్పిన ప్రశ్నని వరంగల్ పిల్ల ట్రాయ్‌లో నాకు గుర్తు చెయ్యాల్సి వచ్చింది. సిగ్గుతో ఆరోజు అన్నం సరిగా సయించలేదు.

సోమవారం పొద్దున మాత్ర ఇచ్చే వేళకి ముందే వెళ్ళాను. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఒక మాట అడగనా? కాగితం జడలోంచి జారిపోతుంది కదండీ. మీకెలా ఆగేది?" అన్నాను.

ఆవిడ నా వైపు తల తిప్పింది. మాట ఎక్కడో లోతునుంచి తోడుకొస్తున్నట్టు వచ్చింది.

"మడవకూడదు. అగ్గిపుల్లంత సన్నగా చుట్టాలి. చివర్న కాదు పెట్టేది, మెడ దగ్గర, మొదటి అల్లికలో. పైన దారం. జుట్టు కడుక్కోకూడదు. కొవ్వొత్తి మైనం రాసేది మా అమ్మ." ఆగింది. "అబ్బా, ఆ దురద! నాలుగు రోజులు. గోక్కోకూడదు. గోక్కుంటే సోల్జరు జడ వంక చూస్తాడు. రొట్టెలన్నీ విరిచి చూశాడు ఒకడు. జడ ముట్టుకోలేదు. సిగ్గుపడ్డాడు పాపం. వాడికీ పద్దెనిమిది మించి ఉండవు. వాడు చూస్తున్నంతసేపూ నాకు ఇక్కడ, సరిగ్గా ఇక్కడ..."

వణుకుతున్న చెయ్యి మెల్లగా పైకి లేచింది. మెడ వెనక్కి వెళ్ళింది. ఆవిడ గోక్కోవడం మొదలుపెట్టింది.

అరవై ఏళ్ళ కిందటి దురద. ఆ మంచం పక్కన నేను కూర్చున్నది ఒక పేషెంట్ దగ్గర కాదని, చరిత్ర పుస్తకంలోంచి లేచొచ్చిన మనిషి దగ్గరని నాకప్పుడు తెలిసింది. కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. తుంటికి కట్టున్న మనిషి, కంగారుపడుతుందని ఊరుకున్నాను.

మా పెద్ద డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. నెమ్మదస్తుడు, చెవిలో వెంట్రుకలున్న ముసలాయన. అంతా విని, "ఆమెని ముందే ఎందుకడగలేదు?" అని ఒక్కటే అన్నాడు. తిట్టినా బాగుండేది. మానసిక వైద్యుడికి ఫోన్ చేసి మాత్రలు ఆపించాడు.

మంగళవారం ఆవిడ నిద్రపోతూనే ఉంది. బుధవారం మధ్యాహ్నానికి కళ్ళు తేటపడ్డాయి. ఇక నా డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు. ఆవిడ ఎవరెవర్ని చూసిందో చెబుతుంటే నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నాను. గొంతుకి ఆపరేషన్ అయి, పచ్చి ఆరకముందే మంచం దిగి తిరుగుబాటుకి వచ్చినాయన ఒకరు. ఆయన గొంతుకి చుట్టిన కట్టు మాసిపోయి ఉండటమే ఈవిడకి గుర్తు. కాలికి గుండు తగిలి మంచం మీద పడుకునే ఆజ్ఞలిచ్చిన కార్మిక నాయకుడు ఇంకొకరు. ఆయన్ని తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి కాల్చేశారు. కవిత్వం రాసే ఒక బడిపంతులు అందరికీ నాయకుడు. వీళ్ళ పేర్లు ఇప్పుడు ఆ దేశంలో వీధులకీ స్టేషన్లకీ ఉన్నాయట. ఈవిడ మాత్రం వాళ్ళని బూట్ల మట్టితో, గీసుకోని గడ్డాలతో చూసింది. నాయకుల గురించి మనం దండలేసిన పటాలు చూసి తెలుసుకుంటాం. నాకు ఆ రోజు మొదటిసారి ఒక పటంలోంచి చెమట వాసన వచ్చింది.

"లొంగిపోయిన రోజు తెల్లగుడ్డ పట్టుకుని నడివీధిలో నడిచింది ఎవరనుకున్నావు? ఒక నర్సు," అంది. "రెండువైపులా తుపాకులు. మధ్యలో ఆమె ఒక్కతే. ఫొటో తీసినప్పుడు కూడా నాయకుడి పక్కనే ఉంది. పుస్తకాల్లో చూడు అమ్మాయ్. మనిషి కనిపించదు. కాళ్ళు వెతుకు."

గురువారం లంచ్ మానేసి లైబ్రరీకి వెళ్ళాను. ఐర్లండ్ మీద రెండు పుస్తకాలు దొరికాయి. రెండిట్లోనూ ఆ ఫొటో ఉంది. పొడుగు కోటులో నాయకుడు నిలబడి ఉన్నాడు, ఎదురుగా ఇంగ్లీషు సేనాని. మొదటి పుస్తకంలో ఆ కోటు పక్కన, కింద, ఇంకెవరివో రెండు పాదాలున్నాయి. పైన మనిషి లేదు. ఆయన వెనక దాగిపోయింది. రెండో పుస్తకంలో అదే ఫొటో, అదే రాళ్ళ వీధి. పాదాలు కూడా లేవు. ఎవరో శ్రద్ధగా చెరిపేశారు.

ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తుపాకుల మధ్య నడిచిన పాదాలు అవి. వాటిని చూస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా మీద నాకు కోపం కూడా వచ్చింది. నేను కూడా శ్రద్ధగానే రాశాను కదా మరి.

వార్డుకి తిరిగొచ్చి చార్టు తీశాను. నా పేజీ చింపెయ్యబోతే వార్డు క్లర్కు నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "డాక్టర్, ఇక్కడ ఏదీ చింపకూడదు, చెరపకూడదు. తప్పు మీద ఒకే ఒక గీత. కింద ఉన్న అక్షరాలు కనిపిస్తుండాలి. పక్కన తప్పు అని రాసి సంతకం చెయ్యాలి." అలాగే చేశాను. డెల్యూజనల్ అన్న మాట మీద స్కేలు పెట్టి గీత గీశాను. కింద రాశాను: పేషెంట్ చెప్పింది నిజం, నేను అడగలేదు. నా జన్మలో అంత మంచి వాక్యం మళ్ళీ రాయలేదు.

అయితే నా గీతతో అన్న కూతురు మనసు మారలేదు. సాయంత్రం ఫోన్ చేసి చెబితే ఆవిడ గొంతు ఇంకా గట్టిపడింది. "అంటే అది నిజమైతే, నలభై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర అన్నం తిని నాకొక్క మాట చెప్పలేదన్నమాట. మీకు చెప్పింది. నిన్నగాక మొన్న చూసిన మీకు! ఆ మనిషిని నేను రోజూ ఎలా చూసుకోను డాక్టర్? నాకు ఆవిడెవరో తెలియదు." రేపు పదకొండింటికి వచ్చి సంతకం పెడతానని ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున ఈ సంగతి ముసలావిడకి చెప్పక తప్పలేదు. ఆవిడ కిటికీ వంక తిరిగింది.

"ఇంగ్లీషువాళ్ళు వెళ్ళాక మాలో మేమే కొట్టుకున్నాం," అంది. "వాళ్ళతో చేసుకున్న సంధి ఒప్పుకున్నవాళ్ళు ఒకవైపు, ఒప్పుకోనివాళ్ళు ఒకవైపు. మా పెద్దన్న ఇటు, చిన్నన్న అటు. చిన్నవాడు పోయాడు. వాడు పడిన వీధిలో ఆరోజు ఎదురుగా ఉన్న తుపాకుల్లో పెద్దవాడిది కూడా ఒకటి. ఎవరి గుండో ఎవరికీ తెలియదు. ఓడ ఎక్కేముందు పెద్దన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ రోజుల గురించి తన పిల్లలకి నోరు తెరిచి ఒక్క మాట చెప్పకూడదని. ఆ పిల్ల వాడి కూతురు. ఎలా చెప్పను?"

"ఆయన పోయారు కదండీ."

"ఒట్టు పోలేదుగా."

ఆ మాటతోనే ఆవిడ ముఖంలో ఏదో కదిలింది. పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఆ ముడతల్లోంచి తొంగి చూసింది.

"చెప్పనన్నాను. రాయనని అనలేదు," అంది. "కాగితం ఇవ్వు."

ప్రిస్క్రిప్షన్ పాడ్ ఇచ్చాను. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది. గోడవైపు తిరిగి రాసింది. పది నిమిషాలు పట్టింది. కాగితాన్ని అగ్గిపుల్లంత చుట్టింది. నన్ను మంచం మీద వీపు చూపించి కూర్చోమంది. జడ విప్పి, మైనం లేదు కాబట్టి పెదాలకి రాసే వాజలీన్ తీసి జుట్టుకి దట్టంగా పట్టించింది. మెడ దగ్గర మొదటి అల్లికలో చీటీ పెట్టి, తన కట్టులోంచి లాగిన దారంతో బిగించి, నా జీవితంలో అమ్మ కూడా వెయ్యనంత గట్టిగా జడ వేసింది. కనుబొమ్మలు పైకి లేచిపోయాయి.

"అందులో ఏముందండీ?" అన్నాను.

"మోసేవాళ్ళు చదవకూడదు," అంది. "నడు. గోక్కోకు."

ఆరో అంతస్తునుంచి కింది హాలుకి అంతా కలిపి ఐదు నిమిషాల నడక. లిఫ్టులో పెద్ద డాక్టరు ఎదురై గుడ్ మార్నింగ్ అన్నాడు. నేను తల ఆడించలేదు. వాజలీన్ చెవుల వెనకనుంచి కారుతోంది. దారం గుచ్చుకుంటోంది. దురద మెడ దగ్గర మొదలై నడినెత్తికి పాకింది. ఆ ఐదు నిమిషాలకే నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. నాలుగు రోజులు! తుపాకుల కింద! పద్నాలుగేళ్ళ పిల్ల! ఎలా మోసిందమ్మా తల్లీ అని మనసులో అనుకుంటూనే నడిచాను.

అన్న కూతురు హాల్లో బెంచీ మీద కూర్చుని ఉంది. నర్సింగ్‌హోమ్ కాగితాలు ఒళ్ళో ఉన్నాయి, పెన్ను మూత తీసి ఉంది. ఎదురుగా వెళ్ళి, వెనక్కి తిరిగి నిలబడ్డాను.

"మీ అత్తయ్య కబురు పంపారు," అన్నాను. "జడలో ఉంది. మెడ దగ్గర. మీరే తియ్యాలి."

వెనకనుంచి పెన్ను మూత పెట్టిన చప్పుడు వినిపించింది. అలవాటు లేని వేళ్ళు నా మెడ మీద తడుముకున్నాయి. దారం తెగింది. కాగితం విప్పుతున్న చప్పుడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు, చూడకూడదేమో అనిపించింది. ఆవిడ ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివినట్టుంది. రెండోసారి మధ్యలో, "నాన్నా," అన్న మాట ఒకటి చిన్నగా వినిపించింది.

నేను తిరిగి చూసేసరికి ఆవిడ లిఫ్టు వైపు దాదాపు పరిగెడుతోంది. చీటీ పిడికిట్లో ఉంది. నర్సింగ్‌హోమ్ కాగితాలు బెంచీ మీదే ఉండిపోయాయి. మధ్యాహ్నం వాళ్ళిద్దరూ చర్చి పక్కనున్న ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ చీటీలో ఏముందో నాకు ఈనాటికీ తెలియదు. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా కదలకుండా నిలబడి, ఆ తర్వాత హాల్లో అందరూ చూస్తుండగా రెండు చేతులతో తల కసికొద్దీ గోక్కున్నాను.